తాతగారి మండువా ఇంట్లో అతిథి గదులు: మార్చిలో మొదలుపెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది హైదరాబాద్‌లో ఉద్యోగం. గుంటూరు జిల్లా కొల్లిపర వైపు తాతగారి మండువా ఇల్లు ఖాళీగా ఉంది. బాగుచేయించి మూడు గదులు అతిథులకు ఇవ్వాలనుకుంటున్నారు. మార్చిలో తెరిస్తే పిల్లల వేసవి సెలవుల గిరాకీ అందుకోవచ్చని మీ లెక్క. అసలు ఎండల్లో మనవైపు ఎవరైనా వస్తారా, వస్తే రోజు ఎలా గడుస్తుంది, అన్ని గదులకూ ఏసీలు పెట్టాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మార్చిలో తెరవండి. వేసవి సెలవుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఏప్రిల్ 20 తర్వాత తేదీలకు బుకింగులు తీసుకోకండి. మే నెలంతా తాళం వేయండి. ఏసీలు పెట్టక తప్పదు, కానీ వాటిని నమ్ముకుని రోజంతా ప్లాన్ చేసుకుంటే దెబ్బతింటారు.

నేను దుగ్గిరాల దగ్గర పల్లెలో మా అత్తగారింట్లో నాలుగు గదులతో ఇదే పని చేస్తున్నాను. వచ్చే మార్చికి తొమ్మిదో వేసవి. మొదటి రెండేళ్లూ నేనూ మీలాగే లెక్కలు వేసి, మే నెల మొత్తం బుకింగులు తీసుకుని, జూన్‌లో డబ్బులు వెనక్కి ఇచ్చుకుంటూ కూర్చున్నాను.

చిక్కంతా బడి క్యాలెండర్‌లో ఉంది. మార్చి మధ్య నుంచి టెన్త్ పరీక్షలు. మిగతా తరగతుల వాళ్లకు ఏప్రిల్ నాలుగో వారం దాకా బడి. సెలవులిచ్చేసరికి మన దగ్గర ఎండ 40కి అటూ ఇటూ ఆడుతుంటుంది. అంటే కుటుంబాలు బయలుదేరే టైముకి మన పల్లె కూర్చోబెట్టుకునే స్థితిలో ఉండదు. పిల్లలు పొద్దున పదింటికే గదిలోకి దూరి ఫోన్లు పట్టుకుంటారు. తల్లిదండ్రులు ‘దీనికోసమేనా ఇంత దూరం వచ్చింది’ అన్నట్టు చూస్తారు. ఆ చూపే తర్వాత రివ్యూ అయి కూర్చుంటుంది.

మరి మార్చిలో ఎవరొస్తారంటే, బడి బాధ లేనివాళ్లు. రిటైరైన దంపతులు, ఉగాది తర్వాత పెళ్లిళ్లకు వచ్చి రెండు రోజులు ఎక్కడైనా ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్లు, అమరావతి స్తూపం చూడ్డానికి వచ్చే బౌద్ధులు, మిరప కళ్లాలు ఫోటో తీసుకునే కుర్రాళ్లు, విజయవాడ నుంచి శనివారం రాత్రి ఒక్కపూటకు వచ్చే కొత్త జంటలు. వీళ్లతో నాలుగు గదులు వారాంతాల్లో నిండుతాయి, మామూలు రోజుల్లో ఒకటో రెండో. మీకు మూడే గదులు కాబట్టి చాలు.

ఒంటిపూట బడి లెక్క

మార్చి మధ్యలో ఊళ్లో ఒంటిపూట బడులు పెడతారు కదా. ఆ రోజు నుంచి మేమూ ఒంటిపూట హోటలే. పొద్దున ఒక పూట, మధ్యాహ్నం సెలవు, మళ్లీ సాయంత్రం ఒక పూట. ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. బుకింగ్ చేసుకునేటప్పుడే ఫోన్‌లో చెప్పేస్తాను: ‘అండీ, పదకొండు నుంచి నాలుగు దాకా మా ఇంట్లో ఎవరూ బయటికి వెళ్లరు, మిమ్మల్నీ వెళ్లనివ్వం.’ కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు మానేస్తారు. మానేసినవాళ్లు మనకు అక్కర్లేదు.

రోజు ఎలా నడుస్తుందో చెబుతాను. నాలుగూముక్కాలుకు లేస్తాను. వాకిట్లో కళ్లాపి చల్లేసరికి పనమ్మాయి వస్తుంది. ఐదున్నరకు కాఫీ. అతిథులకు రాత్రే చెప్పి ఉంచుతాం, కాఫీ తాగాలంటే అరుగు మీదికి రావాలి, గదికి తెచ్చివ్వం అని. కాఫీ కోసమన్నా లేస్తారు. లేచినవాళ్లని మా వారు ఆరుకల్లా కట్ట మీదికి తీసుకెళ్తారు. అరటి తోటలు, కంద, పసుపు కళ్లాలు అన్నీ ఆ ఒక్క దారిలోనే. ఏడున్నరకు తిరిగొస్తారు. ఎనిమిదికి టిఫిన్. తొమ్మిదిన్నరకు నేను ఇల్లు మూయడం మొదలుపెడతాను.

ఇల్లు మూయడం కూడా ఒక పనేనా అనుకోకండి. మట్టి గోడల పాత ఇల్లు పొద్దున్నంతా చల్లగా ఉండాలంటే రాత్రంతా అన్ని తలుపులూ, కిటికీలూ తెరిచి ఆ చల్లదనం గోడలకు పట్టించాలి. కిటికీలకు దోమల జాలీ ఉంటేనే ఇది కుదురుతుంది కాబట్టి రంగుల కంటే ముందు జాలీలకు డబ్బు పెట్టండి. తొమ్మిదిన్నరకల్లా తూర్పు, దక్షిణం కిటికీలు మూసి, పడమటి వైపు వట్టివేళ్ల తడికలు దించి నీళ్లు చల్లుతాం. మండువా నడిమి ఖాళీ మీద ఆకుపచ్చ షేడ్ నెట్ లాగుతాం, సాయంత్రం తీసేస్తాం. మొదట్లో ఆ నెట్‌ని శాశ్వతంగా బిగించేశాను. రాత్రి వేడి పైకి పోయే దారి మూసుకుపోయి ఇల్లంతా కుతకుతలాడింది. ఒక తాడు, రెండు కప్పీలు పెట్టించుకుంటే పనమ్మాయి కూడా లాగేస్తుంది.

పన్నెండుకు భోజనం. తర్వాత అందరూ పడుకుంటారు, నేను కూడా. అతిథులుండగా యజమానురాలు నిద్రపోవడమేంటని మా అత్తగారు మొదట్లో సణిగేవారు. నాలుగూముక్కాలుకే లేచే మనిషి మధ్యాహ్నం గంట పడుకోకపోతే ఏప్రిల్ పదికల్లా మంచాన పడుతుందని ఒక ఏడు చూశాక ఆవిడే ‘పో, నడుం వాల్చు’ అంటున్నారు.

నీళ్లు

మీరు అడగలేదు కానీ ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. దాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, కిందికి వచ్చే పైపు గోడ బయట ఎండలో. మా మొదటి వేసవిలో ఒక పెద్దాయన నిద్రలేచి ముఖం కడుక్కోబోయి, బయటికొచ్చి, ‘అమ్మా, గీజరు ఆపడం మర్చిపోయారు’ అన్నారు. ఆ గదికి గీజరే లేదు.

ఇప్పుడు ట్యాంకుకు తెల్ల రంగు వేయించి, చుట్టూ గోనెసంచులు కట్టి, పైన తాటాకు పందిరి వేశాం. పైపులకు కూడా గోనెగుడ్డ చుట్టాం. మోటారు రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. పగలు వేయం. ప్రతి స్నానాలగదిలోనూ ఒక పెద్ద గంగాళం నిండా రాత్రి పట్టిన నీళ్లు, ఒక చెంబు ఉంటాయి. షవర్ కింద నిలబడడం అలవాటైనవాళ్లు కూడా ఆ చెంబు పట్టుకున్నాక షవర్ వైపు చూడరు.

తాగే నీళ్లకు కుండలు. మార్చి మొదట్లో కొత్త కుండలు కొని, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, తడి ఇసుక మీద కూర్చోబెడతాం. వట్టివేళ్ల కట్ట ఒకటి లోపల వేస్తాం. బయట తడిగుడ్డ. వసారాలో గాలి తగిలే చోట పెడితేనే చల్లబడతాయి, గది మూలన పెడితే ఊరికే అలంకారం. సీసా నీళ్లు అడిగేవాళ్లకు సీసా నీళ్లే ఇవ్వండి, కుండనీళ్లు తాగమని బలవంతం చేయకండి. మేం కుండలో కాచి చల్లార్చిన నీళ్లే పోస్తాం, అయినా ఒకరి కడుపు పాడైతే కుండనే అంటారు.

దాబా మీద రాత్రి

ఫోటోల్లో అందరికీ నచ్చేది ఇదే: నవారు మంచాలు, తెల్ల దుప్పట్లు, నక్షత్రాలు. నిజంగా బాగుంటుంది కూడా. కాకపోతే సాయంత్రం ఏడింటికి దాబా మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. పగలంతా తాగిన ఎండని స్లాబు అప్పుడే కక్కుతుంటుంది. ఆరున్నరకు ఒకసారి బకెట్లతో నీళ్లు కొట్టాలి. ఆ నీళ్లు ఆవిరైపోతాయి, వేడి ఇంకా ముఖానికి కొడుతుంది, పని చెడిందనుకుంటారు. ఎనిమిదింటికి మళ్లీ కొట్టాలి. రెండోసారి కొట్టినవి నిలబడతాయి. అప్పుడు మంచాలు వేస్తే తొమ్మిదిన్నరకు ఎవరైనా పడుకోవచ్చు. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే పదింటికి అందరూ దిండ్లు పట్టుకుని కిందికి దిగుతారు.

ప్రతి మంచానికీ దోమతెర ఉండాలి. నాలుగు కర్రలు మంచం కోళ్లకే కట్టే రకం తీసుకోండి. తెల్లవారుజామున మంచు కాస్త పడుతుంది, పల్చటి దుప్పటి ఒకటి అదనం పెట్టండి. మల్లెపూలు సాయంత్రం కొని గిన్నెలో నీళ్లు పోసి మంచాల మధ్య పెడతాను. మూర ఎంతైనా సరే, అది ఖర్చు కింద రాయను.

కరెంటు, ఏసీలు

మూడు గదులకూ ఏసీ పెట్టాలా అన్నారు. పెట్టండి. అతిథి బుక్ చేసేముందు అడిగే మొదటి ప్రశ్న అదే, లేదంటే ఫోన్ పెట్టేస్తారు. కానీ పాత ఇంటికి రెండు ఇబ్బందులు. ఒకటి, మన పెంకుటిళ్ల గదులు ఎత్తు ఎక్కువ, చల్లగాలి పెంకుల సందుల్లోంచి పోతుంది. అటక ఉన్న గదులు ఎంచుకోండి, అటకే కప్పులా అడ్డుపడుతుంది. రెండోది లోడు, అంటే మీటరుకు మంజూరైన కరెంటు. తాతగారి కాలం మీటరుకు ఒకటో రెండో కిలోవాట్లు ఉంటుంది. టన్నున్నర ఏసీ ఒక్కటే దాదాపు ఒకటిన్నర లాగుతుంది. అన్నీ ఒకేసారి వేస్తే ఏమవుతుందో నేను నా చేతులతో చేసి చూశాను.

ఏప్రిల్ రెండో వారం, శనివారం రాత్రి, నాలుగు గదులూ నిండాయి. తొమ్మిదింటికి నాలుగు ఏసీలూ ఆన్ అయ్యాయి. పదింటికి లైట్లు మినుకుమన్నాయి, ఫ్యాన్లు గుడగుడలాడాయి, ఫ్రిజ్ మూలిగింది. తర్వాత మా వైరింగే కాదు, మా వీధి ఫ్యూజు కూడా పోయింది. వీధి వీధంతా చీకటి. పక్కింటి మామ్మగారు వాకిట్లోకి వచ్చి, చీకట్లో మా ఇంటి వైపు తిరిగి, అందరికీ వినబడేలా, ‘హోటలంట, హోటలు’ అన్నారు. ఒక జంట అర్ధరాత్రి కారెక్కి విజయవాడ వెళ్లిపోయారు. డబ్బు తిరిగిచ్చేశాను. మర్నాడు వీధిలో తొమ్మిదిళ్లకు మామిడికాయ పప్పు పంపించాను, తప్పు నాదే కాబట్టి.

కాబట్టి తెరవకముందే లోడు పెంచుకోండి, వైరింగ్ కొత్తది వేయించండి, అతిథులకు గదులిస్తున్నామని చెప్పే పెంచుకోండి. చెప్పకుండా నడిపితే ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటారు. ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు చాలు. ఏసీలను దాని మీద నడపాలని చూడకండి. కూలర్లు పడమటి పొడిగాలి వీచే రోజుల్లో బాగా పనిచేస్తాయి. సముద్రం వైపు నుంచి తడిగాలి తిరిగిన రోజు మాత్రం కూలరు వేస్తే దుప్పట్లు కూడా చెమటపట్టినట్టుంటాయి. మన డెల్టాలో ఈ రెండు రకాల రోజులూ ఒకే వారంలో వస్తాయి.

వంట

ఎండ ముదురుతున్నప్పుడు వంటింటి నియమం ఒక్కటే: పదింటికల్లా మధ్యాహ్నం వంట అయిపోవాలి, మిగిలింది రాత్రికి పెట్టకూడదు. కొబ్బరి పచ్చడి మధ్యాహ్నానికే వాసన మారుతుంది. పప్పు సాయంత్రానికి నురగ కడుతుంది. మూడో ఏడు నేను చేసిన పొదుపు పని వల్ల ముగ్గురికి విరేచనాలయ్యాయి. అప్పట్నుంచి మిగిలినదంతా రెండింటికే ఆవుకు, కుక్కలకు.

పెద్ద మెనూ వద్దు. ఊరికి వచ్చినవాళ్లు పనీరు తినడానికి రారు. ఏప్రిల్‌లో చింతచిగురు దొరుకుతుంది, పప్పులో వేస్తే చాలు, ఆ రోజు ఇంకో కూర ఎవరూ అడగరు. మామిడికాయ పప్పు, దోసావకాయ, గోంగూర, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. కారం మాత్రం చూసుకోండి. మనకు మామూలుగా ఉన్నది హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు కూడా ఎక్కువే. నేను వంట పిన్నికి చెప్పేది ‘సగం వెయ్యి పిన్నీ’ అని. ఆవిడ ‘అట్టాగే’ అంటుంది, ముప్పావు వేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకునేది ఏంటో తెలుసా, పొద్దుటి చద్దన్నం. రాత్రి అన్నంలో పాలు పోసి తోడువేసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పచ్చిమామిడి ముక్కతో మట్టిమూకుడులో పెడితే డెబ్బయ్యేళ్ల పెద్దమనిషి ‘మా అమ్మ చేతి తర్వాత ఇదే’ అని కళ్లు తుడుచుకున్నారు. ఇడ్లీ కూడా చేస్తాం. అందరికీ చద్దన్నం పడదు.

ముంజలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. తెల్లవారుజామున గెలలు దింపే మనిషితో ముందే మాట్లాడుకోండి. కాయలు తెప్పించి మన వాకిట్లోనే కొట్టించండి, తీసిన ముంజలు కొనకండి. కత్తి దెబ్బకు కాయ తల ఎగిరి, మూడు కళ్లలో నీళ్లు తొణికిసలాడుతుంటే పిల్లలు బొటనవేలు లోపల పెట్టి జుర్రుకోవడం చూడాలి. లేతది నోట్లో జారిపోతుంది, ముదిరింది కడుపునొప్పి తెస్తుంది. వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది, జెల్లీలా ఊగాలి. చొక్కాకు కారిన నీళ్ల మరక మాత్రం పోదు, ముందే చెప్పండి.

పసుపు, తెల్ల దుప్పట్లు

ఇది మీకూ తగులుతుంది. జనవరి నుంచి మార్చి దాకా మనవైపు పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఆరబోస్తారు. అతిథులు అది చూసి మురిసిపోతారు, కొమ్ములు చేత్తో పట్టుకుంటారు, వచ్చి తెల్ల దుప్పటి మీద కూర్చుంటారు. మొదటి ఏడాది పన్నెండు దుప్పట్లు పోగొట్టుకున్నాను. సబ్బు పెట్టి ఉతికితే మరక ఎర్రగా మారింది, పనమ్మాయి రక్తమనుకుని గాభరా పడింది. తర్వాత తెలిసింది, సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుందని. మందు మన నెత్తి మీదే ఉంది. ఉతికి, తడి మీదే ఎర్రటి ఎండలో రెండు రోజులు ఆరేస్తే మరక వెలిసిపోతుంది. నూనెతో కలిసిన పసుపు మరకకు మాత్రం ఇంకొంచెం ఓపిక కావాలి. ఏప్రిల్ ఎండ గురించి నేను చెప్పే ఒకే ఒక్క మంచిమాట ఇది.

ఎక్కడికి పంపాలి, ఎప్పుడు పంపాలి

మంగళగిరి పానకాలస్వామి కొండకు పొద్దున్నే పంపండి. మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కాలనుకునేవాళ్లకు ఎనిమిది దాటితే అరికాళ్లు కాలతాయి. పైగా పై గుడి మధ్యాహ్నం మూడు దాకానే, ఆ తర్వాత దేవతలు పూజించుకునే వేళ అంటారు. సాయంత్రం వెళ్దాం లెమ్మని పడుకున్నవాళ్లు మూసిన తలుపులు చూసి వస్తారు. ఉండవల్లి గుహలు నాలుగింటి తర్వాత. నాలుగంతస్తుల కొండ తొలిచిన గుహ, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి దగ్గర రాయి చల్లగా ఉంటుంది.

అమరావతికి మా దగ్గర్నుంచి కారులో గంటన్నరకు తక్కువ పట్టదు. ఆరింటికి బయలుదేరితేనే పంపుతాను. స్తూపం దగ్గర నీడ తక్కువ. అసలు శిల్పాలు చాలావరకు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని బయలుదేరేముందే చెప్పండి, ఎండలో అంత దూరం వెళ్లి ‘ఇంతేనా’ అనకుండా ఉంటారు. గుంటూరు మిర్చియార్డు చూడాలని కొందరు పట్టుబడతారు. పొద్దున్నే వెళ్లాలి, ముక్కుకు తడి రుమాలు కట్టుకోవాలి, ఉబ్బసం ఉన్నవాళ్లని ససేమిరా పంపకండి. వాళ్లకు రోడ్డు పక్క పొలాల్లో ఆరబోసిన మిరప కళ్లాలు చాలు. కారు అద్దాల్లోంచి చూసినా ఎర్రటి తివాచీలా కనబడతాయి, తుమ్ములు తక్కువ.

ఎండదెబ్బ సంగతి. ఒకాయన, అరవై ఏళ్లుంటాయి, మా మాట వినకుండా పదకొండింటికి కట్ట మీదికి ఒంటరిగా వెళ్లారు. గంటకు ఎవరో సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తెచ్చారు. మాట తడబడుతోంది, ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. అలాంటప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. వసారాలో పడుకోబెట్టి తడిగుడ్డలు చుట్టి, ఫ్యాన్ పెట్టి 108కి ఫోన్ చేశాం. బతికి బయటపడ్డారు, ఇప్పటికీ సంక్రాంతికి మెసేజ్ పెడతారు. మీ ఇంట్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు, థర్మామీటరు, దగ్గర్లోని ఆస్పత్రికి ఎంత టైము పడుతుందో రాసిన కాగితం ఉండాలి.

కాలువ ఫోటో తీసేయండి

మీ ఇంటి వెనక కాలువ ఉందని, దాన్నే ముఖచిత్రంగా పెడతానని రాశారు. నేనూ అదే చేశాను, నిండు కాలువ, కొబ్బరిచెట్ల నీడ, అక్టోబర్‌లో తీసింది. ప్రకాశం బ్యారేజీ నుంచి డెల్టాకు వచ్చే కాలువలను వేసవిలో కట్టేస్తారని మనకు తెలుసు. ఊరి చెరువులు నింపుకోవడానికి వదిలే నీళ్లు తప్ప ఏముంటాయి? బెంగళూరు నుంచి వచ్చినావిడకు అది తెలియదు. కాలువలో కాళ్లు పెట్టుకుని పుస్తకం చదువుకుందామని వచ్చింది. వచ్చేసరికి బురద, ప్లాస్టిక్ కవర్లు, అందులో రెండు గేదెలు. ఆవిడ ఒక్క మాట అనలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని ఆ గేదెల్నే చూస్తూ నిలబడింది. అరవడమే నయం అనిపించింది. ఏ నెల అతిథికి ఆ నెల ఫోటో చూపించండి. ఏప్రిల్ ఫోటోలో బురద ఉంటే బురదే.

పాములు, పనివాళ్లు, కాగితాలు

ఎండలు ముదిరేకొద్దీ చల్లటి చోటు మనకే కాదు, పాములకూ, తేళ్లకూ కావాలి. ఒకసారి వసారాలో కుండల వెనక తడి ఇసుకలో జెర్రిపోతు చుట్టచుట్టుకుని ఉంది. విషం లేని పామే. అతిథికి ఆ మాట ఎవరు చెబుతారు? నీళ్లకు వెళ్లినావిడ కేకకు మండువాలో పిచ్చుకలన్నీ లేచిపోయాయి. కుండలు ఇప్పుడు ఎత్తు బల్ల మీద పెడుతున్నాం. పెరట్లో కట్టెల మోపులు, పాత పెంకుల గుట్టలు తెరవకముందే తీయించేయండి. రాత్రి పెరట్లోకి వెళ్లేవాళ్లకు ప్రతి గదిలో టార్చిలైటు ఉండాలి.

పనివాళ్ల గురించి ఎవరూ ముందు చెప్పరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, పసుపు పనులు. కూలి ఎక్కువ వస్తుంది కాబట్టి మన ఇంట్లో గిన్నెలు తోమడానికి ఎవరూ రారు, వాళ్లను తప్పుపట్టలేం. ఉగాది దాటితే వంటవాళ్లు పెళ్లిళ్ల ఒప్పందాల్లో ఉంటారు. జనవరిలోనే ఒక మనిషికి నెల జీతం మాట్లాడి, మే నెల మూసినా సగం జీతం ఇస్తానని చెప్పండి. నాకు ఆరేళ్లుగా అదే మనిషి ఉండడానికి కారణం ఆ సగం జీతమే.

కాగితాల్లో పర్యాటక శాఖ దగ్గర హోమ్‌స్టేగా నమోదు, ఆహారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు, పంచాయతీకి చెప్పడం. విదేశీయులు వస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం నింపాలి. మర్చిపోతే చిన్న విషయం కాదు. ప్రతి అతిథి గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి, మీ పెదనాన్నగారి స్నేహితుడైనా సరే.

మే నెలలో ఏం చేయాలి

మూయమన్నాను కదా అని ఖాళీగా ఉండనక్కర్లేదు. పెంకులు సర్దించడం, సున్నాలు వేయించడం, బావి పూడిక తీయించడం, అన్నీ వానలకు ముందే అవ్వాలి. మేం ఏప్రిల్ మూడో వారంలో ఆఖరి రెండు రోజులు పాత అతిథుల్ని మాత్రమే పిలుస్తాం, ఆవకాయకు. గది అద్దె మామూలే, పచ్చడి జాడీ మా తరఫున. పోయినసారి అమెరికా నుంచి వచ్చిన ఒక మామ్మగారు వసారాలో కత్తిపీట ముందు కూర్చుని, టెంక చీలకుండా ముక్క తెగితే పక్కన పడేస్తూ, మా పనమ్మాయి కొట్టిన ముక్కలకు వంకలు పెడుతూ మధ్యాహ్నమంతా గడిపేశారు. ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా వేయాలా, ఉప్పు తగ్గించాలా అని మా అత్తగారితో వాదన. ఏసీ గది ఖాళీగా ఉంది, తలుపు కూడా తీయలేదు ఆవిడ. వచ్చే ఏడాదికి అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారు.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో. మార్చి, ఏప్రిల్ రెండు నెలల రాబడితో మాకు మే నెల జీతాలు, మరమ్మతులు గడుస్తాయి, పైన కొంచెం మిగులుతుంది. అసలు సంపాదన అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా. కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. మార్చిలో తెరవమన్నది కూడా డబ్బు కోసం చెప్పలేదు. ఇంటి లోపాలన్నీ ఎండలో బయటపడతాయి, పైగా అతిథులు తక్కువ ఉన్నప్పుడు.

మీ ఇంట్లో ఏ గదులకు అటక ఉందో, పై ట్యాంకు ఏ దిక్కున ఉందో, బోరు ఎంత లోతో రాయలేదు. దాబా మీదినుంచి తీసిన ఒక ఫోటో, కరెంటు బిల్లు మీద లోడు ఎంతుందో పెట్టండి. మా ఎలక్ట్రీషియన్‌కు చూపించి ఏ గదికి ఎంత ఏసీ సరిపోతుందో కనుక్కుని చెబుతాను. ఆదివారం దాకా ఆగాలి, అతను కూడా ఇప్పుడు మిరప కోతల్లోనే ఉన్నాడు.